ఇంజిన్ దీపం వెలిగితే
(మహాసభల సాంకేతిక వేదిక మీద చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆహ్వానించిన కార్యవర్గం వారు "సాఫ్ట్‌వేర్ గురించి తప్ప ఏదైనా మాట్లాడండి, జనం అది వినీ వినీ విసిగిపోయారు" అన్నారు. బతికించారు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేస్తున్నది సాఫ్ట్‌వేరు. ఇలాంటివాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే భోజనాల వేళ దాటిపోతుంది కనక అడగను. ఇవాళ నా విషయం పాత కారు. అందులోనూ వేగంగా పోయే పాత కారు. అందులోనూ ఎంతమందికి చూపించినా రోగం కుదరని పాత కారు.

అమెరికాలో చదువుకున్న వాళ్లలో చాలామంది మొదటి కారు నలుగురు రూమ్మేట్లు చందాలేసుకుని కొన్న సెకండ్‌హ్యాండ్ బండే అయ్యుంటుంది. ఆ బండిలో డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం ఒకటి ఉండేది, అది వెలుగుతూనే ఉండేది, మీరు పట్టించుకునేవారు కాదు. ఆ దీపం గురించే చెప్పబోతున్నాను.

ముందు మా ఊరు. మాది బంటింగ్. మలేసియాలో సెలంగోర్ రాష్ట్రం, కువాలా లంగత్ జిల్లా. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన కౌలాలంపూర్‌కి నైరుతి మూల, సముద్రానికి దగ్గర. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకి ఊరి పేరు తెలిసే ఉంటుంది. సిదెక్ అన్నదమ్ములది మా ఊరే. మలేసియాకి మొట్టమొదటి ఒలింపిక్ పతకం 1992లో తెచ్చిన రజీఫ్, జలానీ ఈ ఇంటివాళ్లే. మన గోపీచంద్ గారి గురించి మనం ఎలా చెప్పుకుంటామో అక్కడ వాళ్ల గురించి అలా చెప్పుకుంటారు. చుట్టూ పామాయిల్ తోటలు. ఒకప్పటి రబ్బరు తోటల్లో పనికి వెళ్లిన మనవాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు విమానాశ్రయంలోనూ, ఫ్యాక్టరీల్లోనూ, నాలాగా సైబర్‌జయ ఆఫీసుల్లోనూ పనిచేస్తున్నారు.

ఇంకో పక్క సెపాంగ్ రేస్ ట్రాక్. 1999 నుంచి 2017 దాకా ఫార్ములా వన్ పందాలు అక్కడ జరిగాయి, మోటార్‌సైకిళ్ల పందాలు ఆ తర్వాత కూడా జరిగాయి. అంత దగ్గర్లో పెరిగిన కుర్రాళ్లకి కార్ల పిచ్చి పట్టకపోతే ఆశ్చర్యం. 1990ల చివర వచ్చిన ప్రోటాన్ సత్రియా జీటీఐ అంటే అక్కడ ఇప్పటికీ దేవుడి రథం. చిన్న బండిలో మిత్సుబిషి 1.8 లీటర్ల ఇంజిను, నడక సరిదిద్దింది ఇంగ్లాండు లోటస్ వాళ్లు. జపాన్ నుంచి దిగుమతి అయ్యే పాత బళ్లని 'రీకాన్' అంటారు. ఇంకా విచిత్రం 'హాఫ్‌కట్'. జపాన్‌లో పాత కారుని నడుం దగ్గర కోసి ముందు సగాన్ని ఇంజినూ వైర్లతో సహా ఓడెక్కిస్తారు. అక్కడ దాన్ని కొని సొంత బండిలో పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. అవయవ మార్పిడి అన్నమాట. మెకానిక్కుని 'పోమెన్' అంటారు. ఇంగ్లీషు ఫోర్‌మన్ మలయ్ నోట్లో పడి అలా అయింది.

కథలో బండి మా బావమరిదిది. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు కనక. 2007 మోడల్, జపాన్ బండి, 2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టర్బో. రీకాన్‌గా వచ్చి అప్పటికే ఇద్దరు యజమానుల్ని చూసింది. అంత పాత బండికి బ్యాంకు అప్పు సులువుగా పుట్టదు. కుర్రాడు కార్గో సెక్షన్లో నాలుగేళ్లు రాత్రి షిఫ్టులు చేసి దాచుకున్నది సగం. మిగతా సగం మా మావయ్యగారి ఈపీఎఫ్ డబ్బు, ఆయన తోటలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనప్పుడు వచ్చింది. ఆ సగం ఎందుకిచ్చారని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతారు.

బండి వచ్చిన మూడో వారానికి దీపం వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వేగం పైకీ కిందకీ ఊగేది. గేరు మార్చినప్పుడు వెనక నల్లటి పొగ ఉఫ్ మనేది. వర్షంలో రాత్రిపూట హైవే మీద గట్టిగా తొక్కితే వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకు లాగినట్టు కుదుపులు, అప్పుడు దీపం మిణుకు మిణుకుమని కొట్టుకునేది. (పక్కన పెట్టి ఒక మాట. దీపం నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించుకోవచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే కాలు తీసెయ్యాలి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది పాడైతే ఖరీదు తట్టుకోలేం.)

ముగ్గురు పోమెన్‌లకి చూపించాడు. మొదటాయన స్పార్క్ ప్లగ్గులూ కాయిల్సూ మార్చాడు. రెండో ఆయన ఆక్సిజన్ సెన్సర్ మార్చాడు. మూడో ఆయన గాలిని కొలిచే సెన్సర్ మార్చాడు. ప్రతిసారీ స్కానర్ పెట్టి కోడ్లు చెరిపేసేవారు, దీపం ఆరేది, వారం తిరిగేసరికి మళ్లీ వెలిగేది. మూడు వేల రింగిట్లు దాటాయి.

ఇక్కడ పోమెన్‌లని తిట్టడం అన్యాయం. మనం ఏం చేస్తాం? నాలుగు వందల రింగిట్లు పెట్టి కాయిల్ మారిస్తే బిల్లు కడతాం. "రెండు గంటలు కూర్చుని ఆలోచించాను, నూట యాభై ఇవ్వండి" అంటే ఇస్తామా? ఈ హాల్లో గంటల లెక్కన బిల్లు వేసే కన్సల్టెంట్లు సగం మంది ఉన్నారు. ఆలోచనకి డబ్బు పుట్టని చోట వస్తువులు అమ్ముడుపోతాయి.

ఇప్పుడు ఆ కోడ్ల సంగతి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ప్రతి కారూ ఒకే రకం సాకెట్‌తో, ఒకే రకం భాషలో తన బాధ చెప్పుకోవాలని నియమం వచ్చింది. యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి. దాన్నే ఓబీడీ-టూ అంటాం. మా బండి చెప్పిన కోడ్లు రెండు. పి0171, అంటే పెట్రోలు పాళ్లు తగ్గి గాలి ఎక్కువైంది. పి0300, అంటే ఏ సిలిండరని తేల్చకుండా అక్కడక్కడా మంట తప్పుతోంది.

కోడ్ అంటే ఎఫ్‌ఐఆర్ లాంటిది, తీర్పు కాదు. పి0171 వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చడం అంటే ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే జైల్లో పెట్టడం. సెన్సర్ పొగగొట్టంలో కూర్చుని "ఇక్కడ ఆక్సిజన్ మిగిలిపోతోంది మొర్రో" అంటుంది. కంప్యూటర్ పాపం నమ్మి పెట్రోలు పెంచుతూ పోతుంది. పెంచగా పెంచగా, బండిని బట్టి ఇరవై, పాతిక శాతం దాకా వెళ్లాక, ఇంక నావల్ల కాదని దీపం వెలిగిస్తుంది. ఎంత పెంచింది అన్న అంకె స్కానర్లో కనపడుతుంది, దాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. కోడ్ చదివినవాళ్లు ముగ్గురున్నారు, ఆ అంకె చదివినవాళ్లు లేరు.

మా బావమరిది "బావా, నువ్వు మెకానికలే కదా, చూడకూడదా" అన్నాడు. మొదటి రోజు స్పానర్ ముట్టుకోనివ్వలేదు. ఒక నోటు పుస్తకం కొనమన్నాను. బండికి ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం చేశారో, రోగం ఎప్పుడెప్పుడు కనపడిందో, అప్పుడు వేడిగా ఉందా చల్లగా ఉందా, ఏసీ నడుస్తోందా, వర్షమా, ట్యాంకులో పెట్రోలెంత, అన్నీ రాయమన్నాను. వేగం కోసం మార్చిన పాత కారంటే మనకి అలవాటైన వ్యవహారమే. పాతికేళ్ల కిందటి కోడు, ముగ్గురు రాసి వెళ్లిపోయారు, డాక్యుమెంటేషన్ లేదు, రాసినవాళ్లు ఫోన్ ఎత్తరు. మామూలు పాత కారులో అరుగుదల ఒక్కటే శత్రువు. ఈ రకం బండిలో అరుగుదలతో పాటు పాత యజమానుల సరదాలు కూడా.

రెండో రోజు కంప్రెషన్ చూశాం. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానం. ఇది ముందే ఎందుకంటే, పిస్టన్లు బాగాలేని ఇంజిన్‌కి సెన్సర్లు మార్చడం గోడ కూలుతుంటే సున్నం వేయడం. ఇంజిన్ గుండె గట్టిదే అని తేలింది కాబట్టి డబ్బు పెట్టచ్చు.

తర్వాత ట్రిమ్. ఊరికే నిలబెట్టి నడిపితే పెట్రోలు 20 శాతం ఎక్కువ పోస్తోంది. నిమిషానికి 2500 చుట్లకి పెంచితే అది 5 శాతానికి పడిపోయింది. రోగం మొత్తం ఈ రెండు అంకెల మధ్యనే ఉంది. లెక్క చూడండి. ఊరికే తిరిగేటప్పుడు ఈ సైజు ఇంజిన్ సెకనుకి సుమారు 3 గ్రాముల గాలి పీలుస్తుంది. ఎక్కడో చిన్న కంతలోంచి లెక్కకి రాని దొంగగాలి 0.6 గ్రాములు చేరితే అది 20 శాతం. వేగం పెంచితే ఇంజిన్ 12 గ్రాములు పీలుస్తుంది, దొంగగాలి అంతే ఉన్నా ఇప్పుడది 5 శాతమే. సెన్సర్ తప్పు కొలిచినా, పెట్రోలు పంపు బలహీనపడినా వేగం పెరిగేకొద్దీ శాతం ఇలా పడిపోదు, పెరగడమే ఎక్కువ. కనక దొంగ ఉన్నది థ్రాటిల్ దాటాక, ఇంజిన్ గాలి పీల్చే గదిలో.

వెతకడానికి పొగ ఊదే యంత్రం అద్దెకి తెచ్చాం. ఇంజిన్ ఆపి, గాలి గొట్టంలోకి పొగ పంపి, టార్చ్ పట్టుకు చూడటమే. పది నిమిషాల్లో వెనక గోడ దగ్గర నుంచి దారంలా పొగ. పాత యజమాని ఎవరో బూస్ట్ మీటర్ పెట్టించుకున్నాడు, దానికోసం గొట్టం కోసి ప్లాస్టిక్ టీ ముక్క అతికించాడు. బండి అమ్మేటప్పుడు మీటర్ పీక్కుపోయాడు, టీ ముక్క మూతికి రబ్బరు టోపీ పెట్టాడు. ఆ టోపీ వేడికి ఎండి చిట్లింది. మొత్తం ముక్క తీసేసి కొత్త గొట్టం వేశాం. ఏడు రింగిట్లు.

గేరు మార్చినప్పుడు నల్లపొగకి కారణం వేరే. టర్బో బళ్లలో కాలు తీసినప్పుడు మిగిలిన ఒత్తిడిని వదిలే వాల్వు ఉంటుంది. కంపెనీ బిగించింది ఆ గాలిని తిరిగి లోపలికే పంపుతుంది. కుర్రాళ్లకి 'ప్షూ' మనే చప్పుడు కావాలి, అందుకని బయటికి వదిలేది పెడతారు. సెన్సర్ ఆ గాలిని అప్పటికే లెక్కపెట్టేసింది, కంప్యూటర్ దానికి సరిపడా పెట్రోలు పోసేసింది, గాలేమో ఊరి మీదకి పోయింది. నల్లపొగ రాక ఏమవుతుంది? ఒక పక్క పెట్రోలు తక్కువని కోడు, ఇంకో పక్క పెట్రోలు ఎక్కువైందని పొగ. చూసినవాళ్లు తికమకపడ్డారంటే తప్పేం లేదు. పాత రకం వాల్వు వేయించడానికి మా వాణ్ణి ఒప్పించడం పొగ యంత్రం కన్నా కష్టమైంది.

రెండు వారాలు బండి పువ్వులా నడిచింది. సరిగ్గా అప్పుడే క్లాంగ్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, పందొమ్మిదేళ్లుంటాయి. పెట్టిన డబ్బంతా తిరిగొచ్చే బేరం. మర్నాడు రాత్రి వర్షంలో మళ్లీ కుదుపులు, మళ్లీ దీపం.

బావమరిది స్నేహితులు ఇచ్చిన సలహా మీరు ఊహించగలరు. కోడ్ చెరిపెయ్, ఎండగా ఉన్న రోజు పిలువు, ఇచ్చెయ్. ఇది ఎంత సులువో చెప్పాలి మీకు. చెరిపితే దీపం ఆరిపోతుంది. కానీ జాగ్రత్తగా కొనేవాళ్లకి ఒక ఆధారం మిగులుతుంది. కంప్యూటర్ తనని తాను పరీక్షించుకునే జాబితా ఉంటుంది, దాన్ని రెడీనెస్ మానిటర్లు అంటారు. కోడ్ చెరిపితే అవి కూడా మొదటికొస్తాయి, మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజులు రకరకాలుగా నడపాలి. పాత బండి కొనేటప్పుడు స్కానర్ పెట్టి "కోడ్లు లేవు" అన్నది చూసి మురిసిపోకండి. మానిటర్లు 'పూర్తి కాలేదు' అని వరసగా ఉంటే ఆ బండికి ఈమధ్యే ముఖం కడిగారని అర్థం. ఈమధ్య బ్యాటరీ మార్చినా అలాగే కనిపిస్తుంది కాబట్టి దొంగ అనేయకండి, వారం ఆగి మళ్లీ చూస్తానని చెప్పండి. ఆ మాటకి అమ్మేవాడి ముఖం ఎలా మారుతుందో అది ఏ స్కానరూ చూపించదు.

ఆ రాత్రి మావయ్యగారు వరండాలో కూర్చుని అంతా విన్నారు. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవారు, ఆయన మాటలో ఇంకా ఆ యాస ఉంది. "ఏటిరా, నువ్వు ఎక్కనంటున్న బండి ఆ గుంటడు ఎక్కాలా? లారీల మద్దెన ఆగిపోతే?" అన్నారు. డబ్బు సగం ఆయనది. తిరిగి రావలసిందీ ఆయనకే. బావమరిది క్లాంగ్ కుర్రాడికి ఫోన్ చేసి బండి ఇంకా బాగుపడలేదు, ఆగమన్నాడు. వాడు వేరే బండి కొనుక్కున్నాడు.

సరే, రెండో రోగం. మంట తప్పుతోంది. ఏ సిలిండర్లో? మీలో మెకానికల్ వాళ్లకి మోర్స్ టెస్ట్ గుర్తుందా? ఒక్కో సిలిండర్ ఆపి ఎంత శక్తి తగ్గిందో కొలిచి, రికార్డు రాసి, పక్కవాడి రీడింగులు ఎక్కించి సంతకం పెట్టించుకున్నాం కదా. అదే ఇక్కడ పనికొచ్చింది. ఒక్కో ఇంజెక్టర్ ప్లగ్గు తీసి చూశాం. నీరసంగా ఉన్న సిలిండర్ని ఆపితే వేగం పెద్దగా పడదు. ఇక్కడ నాలుగింటికీ సమానంగా పడింది. అంటే నేరం ఏ ఒక్కరిదీ కాదు, నలుగురికీ ఉమ్మడిగా అందేదేదో సరిగ్గా అందడం లేదు.

నోటు పుస్తకం తెరిస్తే తొమ్మిదిసార్లలో ఎనిమిదిసార్లు వర్షం, రాత్రి. అందరూ నీళ్లు అన్నారు. కాయిల్స్ మీద నీళ్లు పోసి చూశారు, ఏం కాలేదు. నేను తొమ్మిదోసారి ఏం జరిగిందో చూశాను. ఆ రోజు వాన లేదు. తెల్లవారుజామున మంచు పట్టిందని వెనకద్దం హీటర్ వేశాడు. వర్షం అంటే నీళ్లే కాదు. వర్షం అంటే వైపర్లు, హెడ్‌లైట్లు, వెనకద్దం హీటరు, ఏసీ ఫ్యాను. వర్షం అంటే కరెంటు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎండలో వాకిట్లో బండి నిలబెట్టి ఇవన్నీ ఒకేసారి వేశాం. ఎండలో వైపర్లు ఆడిస్తుంటే పక్కింటి చైనా పెద్దాయన బయటికొచ్చి నిలబడ్డాడు. వేగం పెంచాం. కుదుపులు! అన్ని నెలల్లో మొదటిసారి రోగం మేం పిలిస్తే వచ్చింది. పిలిస్తే వచ్చే బగ్గు సగం చచ్చినట్టే అని మన వృత్తిలో వాళ్లకి చెప్పనక్కర్లేదు.

కరెంటు వెళ్లే దారి కన్నా తిరిగొచ్చే దారిని ఎవరూ చూడరు. లైట్లూ వైపర్లూ వాడుకున్న కరెంటు కారు ఒంట్లోంచి ఇంజిన్‌కి ఒక అల్లిన రాగి పట్టీ ద్వారా తిరిగి వస్తుంది, దాన్ని ఎర్త్ స్ట్రాప్ అంటారు. మీటర్ పెట్టి నిరోధం కొలిస్తే దాదాపు సున్నా. అంతా బాగుందన్నమాట. కానీ ఇంజిన్ నడుస్తూ, అన్నీ వేసి ఉండగా, పట్టీ రెండు చివర్ల మధ్య వోల్టేజి కొలిస్తే 0.8 వోల్టు వచ్చింది. 0.2 దాటకూడదు. 40 ఆంపియర్లు పోతున్నాయనుకుంటే 0.02 ఓమ్ చాలు 0.8 వోల్టు తినడానికి. అంత చిన్న నిరోధం మామూలు మీటర్‌కి కనపడదు. నాలుగు పోగులు మిగిలిన తాడు చొక్కా ఆరేస్తే ఆగుతుంది, గేదెని కడితే తెగుతుంది. మన భాషలో యూనిట్ టెస్ట్ పాసు, లోడ్ టెస్ట్ ఫెయిలు.

ఇంజిన్ నేలా, కంప్యూటర్ ఉన్న ఒంటి నేలా ఒకటి కాకుండా పోయేసరికి కాయిల్స్‌కి వెళ్లే సంకేతాలు తడబడ్డాయి. టర్బో ఒత్తిడిలో నిప్పురవ్వ ఎగరడానికి మామూలు కన్నా ఎక్కువ బలం కావాలి, అందుకే గట్టిగా తొక్కినప్పుడే తప్పేది. పట్టీ విప్పి చూస్తే, ఎప్పుడో ఇంజిన్ దించి ఎక్కించినవాళ్లు దాన్ని పెయింటు మీదే బిగించారు, సముద్రపు గాలికి కింద పచ్చటి చిలుము పట్టింది. పెయింటు గీకి, కొత్త పట్టీ బిగించాం. 25 రింగిట్లు. మళ్లీ కొలిస్తే 0.04 వోల్టు.

ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. మోరిబ్ బీచ్ దాకా వర్షంలో రాత్రిపూట నాలుగుసార్లు వెళ్లొచ్చాం, మావయ్యగారు ముందు సీట్లో. మానిటర్లన్నీ పూర్తయ్యాయి, దీపం వెలగలేదు. బండి అమ్మలేదు. నెలనెలా జీతంలోంచి కొంత తండ్రికి తిరిగి కడుతున్నాడు. పనికిరాని భాగాలని తీసేసిన ముగ్గురు పోమెన్‌ల దగ్గర్నుంచీ పాత కాయిల్స్, సెన్సర్లు అడిగి తెచ్చుకున్నాడు. అవన్నీ బాగానే పనిచేస్తున్నాయి, అలమరలో వరసగా ఉన్నాయి. పోయిన నెల రెండో గేరులో ఏదో సన్నటి మూలుగు వినపడుతోందని ఫోన్ చేశాడు. చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అని అడిగాను. పుస్తకం చూసి చెబుతానన్నాడు.